టర్బో కారుకి పార్టులు మార్చాక పవర్ నిజంగా పెరిగిందా? తేల్చడం ఎలా

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, స్కోడా స్లావియా లాంటి కార్లలో వచ్చే 1.5 టీఎస్ఐ ఇంజిన్ బ్రోచర్ ఒకసారి తీసి చూడండి. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లు, 1,600 నుంచి 3,500 ఆర్‌పీఎం వరకు. పవర్ 150 పీఎస్, 5,000 నుంచి 6,000 ఆర్‌పీఎం వరకు. చాలామంది 150, 250 అనే రెండు అంకెలు గుర్తు పెట్టుకుని బ్రోచర్ పక్కన పడేస్తారు. నన్నడిగితే అందులో అసలు విషయం ఆ ఆర్‌పీఎం పరిధుల్లోనే ఉంది.

గాలి పీల్చి పెట్రోలు కాల్చే యంత్రం తన మానాన తనని వదిలేస్తే 1,900 ఆర్‌పీఎం పొడవునా గీత గీసినట్టు ఒకే టార్క్ ఇవ్వదు. ఎక్కడో ఒకచోట శిఖరానికి వెళ్లి అటూ ఇటూ తగ్గుతుంది. పవర్ సంగతీ అంతే. 5,000 ఆర్‌పీఎం దగ్గర 150 పీఎస్ అంటే టార్క్ దాదాపు 210 న్యూటన్ మీటర్లు. 6,000 దగ్గర కూడా అదే 150 పీఎస్ అంటే టార్క్ 175కి దిగిందన్నమాట. అంత కచ్చితంగా, పవర్ గీత చదునుగా ఉండేలా టార్క్ తగ్గుతోందంటే దాన్ని ఎవరో తగ్గిస్తున్నారని అర్థం. ఆ ‘ఎవరో’ ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ.

ఈ ఒక్క సంగతి పట్టుకుంటే, ఫిల్టరు వేయించాను, ఎగ్జాస్ట్ మార్పించాను, ఎన్ని హార్స్‌పవర్లు పెరిగాయి అన్న ప్రశ్నకి సూటి జవాబు ఎందుకు దొరకదో తెలుస్తుంది. టర్బో లేని పాత ఇంజిన్‌లో గాలి దారి సులువైతే ఆ మేరకు పవర్ పెరుగుతుంది. ఎగ్జాస్ట్ గాలితో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది టర్బో. ఆ టర్బో ఉన్న కారులో గాలి ఎంత లోపలికి వెళ్లాలో ముందే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి పార్టు మార్చి, పవర్ కొలిచే యంత్రమైన డైనో ఎక్కించినప్పుడు మీరు కొలుస్తున్నది పార్టుని కాదు, ఆ పార్టు వచ్చాక కంప్యూటర్ ఏం చేసిందో దాన్ని.

కంప్యూటర్ ఏం చేస్తుంది

1990ల చివర్లో వచ్చిన బాష్ ఎంఈ7 తరం నుంచి పెట్రోలు ఇంజిన్లలో యాక్సిలరేటర్ పెడల్‌కీ థ్రాటిల్‌కీ మధ్య కేబుల్ పోయింది. పెడల్ నొక్కడం ఇప్పుడు ఒక అర్జీ మాత్రమే. ఎంత టార్క్ కావాలో పెడల్ అడుగుతుంది. గేర్‌బాక్సు ఎంత తట్టుకుంటుంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, లోపలికి వచ్చే గాలి ఎంత వేడిగా ఉంది, నాక్ (సిలిండరులో పెట్రోలు అదుపు తప్పి తనంతట తానే పేలడం) వస్తోందా, ఇవన్నీ చూసి కంప్యూటర్ ఎంత ఇవ్వాలో తేలుస్తుంది. దానికి ఎంత గాలి కావాలో లెక్క వేసి థ్రాటిల్‌ని, టర్బో పక్కన ఉండే వేస్ట్‌గేట్‌ని కదుపుతుంది. వేస్ట్‌గేట్ తెరిస్తే ఎగ్జాస్ట్ గాలి టర్బైన్‌ని తప్పించుకుని పోతుంది, బూస్ట్ (టర్బో నొక్కి పంపే గాలి పీడనం) తగ్గుతుంది. మూస్తే పెరుగుతుంది.

ఇప్పుడు సులువుగా గాలి ఆడే ఫిల్టరు పెట్టారనుకుందాం. అదే బూస్ట్‌కి టర్బో మునుపటికన్నా కాస్త తక్కువ కష్టపడితే చాలు. కంప్యూటర్ వేస్ట్‌గేట్‌ని కొంచెం ఎక్కువ తెరుస్తుంది. టార్క్ మాత్రం అక్కడే ఆగుతుంది. ఏసీని 24 దగ్గర పెట్టి కిటికీకి మందపాటి కర్టెన్ వేస్తే గది 22కి రాదు కదా. కంప్రెసర్ తక్కువ సేపు తిరుగుతుంది, అంతే. కర్టెన్ పనిచేసిందో లేదో తెలియాలంటే థర్మామీటర్ కాదు, కరెంటు మీటరు చూడాలి.

టర్బో కారులో ఆ కరెంటు మీటరు లాంటివి కొన్ని ఉన్నాయి. వేస్ట్‌గేట్ ఎంత మూసుకుని ఉంది, లోపలికి వెళ్లే గాలి వేడి ఎంత, ఇగ్నిషన్ టైమింగ్‌ని, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, కంప్యూటర్ ఎంత వెనక్కి లాగింది. పార్టు మంచిదైతే మార్పు ముందు ఇక్కడ కనపడుతుంది. ఆ మిగులుని పవర్‌గా మార్చాలంటే పరిమితిని పెంచమని కంప్యూటర్‌కి చెప్పాలి. రీమ్యాప్ చేసేది అదే.

కంపెనీ ఎంత దాచిపెడుతుందో చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. స్కోడా సూపర్బ్ 1.8 టీఎస్ఐ రెండు గేర్‌బాక్సులతో వచ్చేది. మాన్యువల్‌లో 180 పీఎస్, 320 న్యూటన్ మీటర్లు. డీఎస్‌జీ ఆటోమేటిక్‌లో అదే 180 పీఎస్, కానీ 250 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ అదే. డీక్యూ200 అనే ఆ ఏడు గేర్ల డ్రై క్లచ్ గేర్‌బాక్సు తట్టుకునే టార్క్ 250 న్యూటన్ మీటర్లు కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో అక్కడ గీత గీశారు. ఇలాంటి కారుకి స్టేజ్ 1 రీమ్యాప్ (పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చడం) చేసి 70 న్యూటన్ మీటర్లు ఇచ్చామని ట్యూనర్ చెబితే అది అబద్ధం కాదు. మహత్యమూ కాదు. ఇంజిన్‌లో ముందునుంచీ ఉన్నదే. దాన్ని ఎందుకు ఆపారన్న ప్రశ్న మాత్రం ఎటూ పోదు.

వేడి లెక్క

టర్బో గాలిని నొక్కుతుంది, నొక్కితే గాలి వేడెక్కుతుంది. బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు గాలిని రెట్టింపు పీడనానికి నొక్కే టర్బో, 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తున్నా, దాన్ని దాదాపు 130 డిగ్రీల దగ్గర బయటికి పంపుతుంది. దాన్ని మళ్లీ చల్లార్చేది ఇంటర్‌కూలర్. అక్కడి నుంచి ఇంజిన్‌లోకి వెళ్లే గాలి వేడి ప్రతి 10 డిగ్రీలకీ, అదే బూస్ట్‌లో, గాలి మోతాదు 3 శాతం తగ్గుతుంది. అంతటితో ఆగదు. వేడి గాలితో నాక్ వచ్చే అవకాశం ఎక్కువ. నాక్ వినపడగానే కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగుతుంది. పవర్ ఇంకాస్త పోతుంది.

అందుకే ఒకే కారు, ఒకే రోజు, ఒకే రోడ్డు మీద మొదటి పుల్‌కీ (పూర్తి పెడల్‌తో ఒకసారి లాగించడం) నాలుగో పుల్‌కీ తేడా చూపిస్తుంది. బానెట్ కింద వేడి చేరుకుంటుంది, ఇంటర్‌కూలర్ వేడిని మింగి మింగి ఇక మింగలేని స్థితికి వస్తుంది. స్టాక్ కారుని, అంటే ఏ మార్పూ చేయని కారుని, ట్రాఫిక్‌లో నడిపి తెచ్చి వేడి మీద కొలిచి, రీమ్యాప్ చేసిన గంటసేపు చల్లారనిచ్చి మళ్లీ కొలిస్తే, ఫైలులో (కంప్యూటర్‌లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్‌లో) ఏమీ మార్చకపోయినా గ్రాఫ్ పైకి వెళ్తుంది. ఇది మోసం చేయాలనే చేయక్కర్లేదు, తెలియక కూడా జరుగుతుంది.

మన ఊళ్లలో వాతావరణం ఈ ఆటని ఇంకా పెద్దది చేస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. అక్కడ గాలి పీడనం సుమారు 950 మిల్లీబార్లు, విశాఖలో 1,010 దగ్గర. హైదరాబాద్‌లోనే జనవరి పొద్దున 15 డిగ్రీల్లో ఉండే గాలికీ, మే మధ్యాహ్నం 40 డిగ్రీల్లో ఉండే గాలికీ సాంద్రతలో 8 శాతం తేడా. టర్బో లేని కారుకి అది దాదాపు నేరుగా 8 శాతం పవర్ తేడా. టర్బో కారు టర్బోని ఇంకాస్త వేగంగా తిప్పి ఆ లోటుని చాలావరకు పూడుస్తుంది. కానీ పూడ్చడానికి గాలిని ఇంకా ఎక్కువ నొక్కాలి, అది ఇంకా వేడెక్కుతుంది. విశాఖలో తీసిన లాగ్‌నీ (కారు కంప్యూటర్ అంకెల రికార్డు) హైదరాబాద్‌లో తీసిన లాగ్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు.

డైనో కాగితం చదవడం

డైనో షీటు మీద అంకె కనపడితే చాలామందికి అది కోర్టు తీర్పు. డైనో మంచి పరికరమే. కాకపోతే ఆ కాగితం మీద నాలుగు చోట్ల మనిషి చెయ్యి పడుతుంది.

మొదటిది కరెక్షన్. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఊళ్లలో తీసిన కొలతల్ని పోల్చడానికి వీలుగా వాతావరణాన్ని లెక్కలో సరిచేసే సూత్రాలున్నాయి. ఎక్కువ వాడేది ఎస్ఏఈ జే1349. అది 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడి గాలి పీడనాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. పాత ఎస్‌టీడీ పద్ధతి ఇంకా చల్లటి, ఇంకా చిక్కటి గాలిని ప్రమాణంగా తీసుకుంటుంది. అందుకే అదే పుల్‌కి ఎస్‌టీడీ అంకె ఎస్ఏఈ అంకెకన్నా దాదాపు 4 శాతం ఎక్కువ వస్తుంది. స్టాక్ షీటు ఎస్ఏఈలో, రీమ్యాప్ షీటు ఎస్‌టీడీలో ఉంటే 150 పీఎస్ కారు కూర్చున్న చోటే 6 పీఎస్ సంపాదిస్తుంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ సూత్రాలు బయటి గాలిని యథాతథంగా పీల్చే ఇంజిన్లకి సరిగ్గా సరిపోతాయి. టర్బో కారు గాలి పల్చబడితే తానే సర్దుకుంటుందని పైన చెప్పుకున్నాం కదా. సర్దుకున్నదానికి మళ్లీ సర్దుబాటు వేస్తే అంకె ఉబ్బుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో, వర్క్‌షాపులో 40 డిగ్రీలు ఉన్నప్పుడు జే1349 లెక్క కడితే కరెక్షన్ సుమారు 1.10 వస్తుంది. అంటే చక్రాల దగ్గర 130 పీఎస్ కొలిచిన కారు కాగితం మీద 143 అవుతుంది. జనవరి పొద్దున అదే వర్క్‌షాపులో కరెక్షన్ 1.04 దగ్గర ఉంటుంది. స్టాక్ పుల్ జనవరిలో, పార్టు మార్చాక పుల్ మేలో తీస్తే ఒక్క కరెక్షన్ తేడాయే 6 శాతం. అందుకని టర్బో కారుకి కరెక్షన్ లేని ముడి అంకె అడగండి, దాని పక్కన ఆనాటి ఉష్ణోగ్రత, పీడనం రాయించుకోండి.

రెండోది చక్రాల నుంచి ఇంజిన్‌కి వెనక్కి లెక్క కట్టడం. రోలర్ డైనో కొలిచేది చక్రాల దగ్గర వచ్చే పవర్. బ్రోచర్‌లో ఉండేది ఇంజిన్ దగ్గర పవర్. మధ్యలో గేర్‌బాక్సు, డ్రైవ్‌షాఫ్ట్, టైర్లు తినేదాన్ని ‘15 శాతం లాస్’ అని గుండుగుత్తగా వేసేస్తారు. ఈ లాస్‌లో కొంత పవర్‌తో పాటు పెరుగుతుంది, కొంత పెరగదు. మొత్తాన్నీ శాతంగా లెక్కిస్తే పెరిగిన పవర్ కూడా ఉబ్బుతుంది. చక్రాల దగ్గర 20 పెరిగితే కాగితం మీద 23.5 అని వస్తుంది. పెరుగుదలని చక్రాల అంకెలోనే చూసుకుంటే ఈ గొడవ ఉండదు.

మూడోది గాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు ముందు సెకనుకి 28 మీటర్ల వేగంతో గాలి కొడుతుంది. వర్క్‌షాపు ఫ్యాను చాలాచోట్ల దాని దరిదాపుల్లోకి రాదు. దాంతో డైనో మీద ఇంటర్‌కూలర్ రోడ్డు మీదకన్నా త్వరగా చేతులెత్తేస్తుంది. పెద్ద ఇంటర్‌కూలర్ అమ్మేవాళ్లకి ఇది అనుకూలం, రీమ్యాప్ చేసేవాళ్లకి ప్రతికూలం.

నాలుగోది లోడ్. బరువైన డ్రమ్ము తిప్పడమే పనిగా ఉండే ఇనర్షియా డైనో మీద ఇంజిన్ రోడ్డు మీదకన్నా వేగంగా ఆర్‌పీఎం ఎక్కేస్తుంది. టర్బో ఊపందుకునే లోపే ఇంజిన్ ముందుకు పోతుంది. అందుకే కింది ఆర్‌పీఎంలో బూస్ట్ ఆలస్యంగా వచ్చినట్టు కనపడుతుంది. బ్రేకు వేసి లోడ్ ఇవ్వగల డైనో మీద అదే కారు వేరే వక్రరేఖ గీస్తుంది. రెండు వేర్వేరు డైనోల మీద ఒకే కారుకి 10 శాతం దాకా తేడా రావడం వింతేమీ కాదు. ఒక ఊళ్లో స్టాక్, ఇంకో ఊళ్లో రీమ్యాప్ అని పోల్చిన షీట్లకి విలువ లేదంటాను నేను.

రోడ్డు మీద కొలిస్తే

డైనో అందుబాటులో లేనివాళ్లకి స్టాప్‌వాచ్, జీపీఎస్ ఉన్నాయి. రేస్‌లాజిక్ వీబాక్స్, డ్రాగీ లాంటి జీపీఎస్ పరికరాలు సెకనుకి 10 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ వేగం రాసుకుంటాయి. కారు స్పీడోమీటరుని నమ్మకూడదు. అది ఎక్కువే చూపిస్తుంది, పైగా టైరు సైజు మారితే అదీ మారుతుంది.

0 నుంచి 100 మోజు మాత్రం వదిలేయండి. ముందు చక్రాలతో నడిచే కారులో మొదటి రెండు సెకన్లు ఇంజిన్‌కన్నా టైర్ల పట్టుకీ, క్లచ్ వదిలే తీరుకీ పరీక్ష. కదులుతున్న కారుని ఒకే గేరులో, ఒకే ఆర్‌పీఎం నుంచి ఇంకో ఆర్‌పీఎం దాకా పూర్తి పెడల్‌తో లాగించడం మంచిది. లేదంటే 60–100, 80–120 లాంటి పరిధిలో సమయం చూడాలి.

సమయం నుంచి పవర్ లెక్క కట్టడం హైస్కూలు ఫిజిక్సే. కారు, ఇద్దరు మనుషులు కలిపి 1,400 కిలోలు అనుకుందాం. గంటకు 80 నుంచి 120 కిలోమీటర్లకు వెళ్లడానికి పెరగాల్సిన గతిజ శక్తి 432 కిలోజౌళ్లు. 5.5 సెకన్లు పట్టిందంటే సగటున 78.5 కిలోవాట్లు. ఆ వేగంలో గాలిని చీల్చడానికి దాదాపు 8, టైర్లు దొర్లడానికి ఇంకో 4.5 కలుపుకుంటే చక్రాల దగ్గర 91 కిలోవాట్లు, అంటే 124 పీఎస్. ఇది సగటు. గేరు మారే క్షణం కూడా ఇందులో కలిసిపోయింది. ఇంజిన్ లోపల, చక్రాల్లో తిరిగే బరువుల్ని వదిలేశాం కూడా. అయినా పోలికకి పనికొస్తుంది.

ఇక్కడే అసలు నిజం బయటపడుతుంది. అదే లెక్కలో సమయం 5.5 నుంచి 5.4కి తగ్గితే దొరికేది 2 పీఎస్. అంటే ఒక పుల్‌లో 0.1 సెకను పొరపాటు 2 పీఎస్‌కి సమానం. రోడ్డు 1 శాతం పల్లంగా ఉంటే, అంటే 100 మీటర్లకు ఒక్క మీటరు దిగితే, 100 కిలోమీటర్ల వేగంలో అది ఊరికే 5 పీఎస్ ఇచ్చినట్టు. ఆ పల్లం కంటికి కనపడదు. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి 2 పీఎస్ తినేస్తుంది. పక్క సీట్లో 70 కిలోల స్నేహితుడు దిగిపోతే బరువు 5 శాతం తగ్గుతుంది, సమయంలో పావు సెకను పైన మిగులుతుంది, కాగితం మీద అది 6 పీఎస్ పెరిగినట్టు కనపడుతుంది. ఇక 3 పీఎస్ పెంచుతుందని పెట్టె మీద రాసిన ఎయిర్ ఫిల్టరుని రోడ్డు మీద ఒకటి రెండు పుల్స్‌తో రుజువు చేశానని ఎవరైనా అంటే నవ్వుకోవడమే.

ఇంత గోల ఉన్నా చిన్న తేడాలు పట్టుకోవచ్చు, ఓపిక ఉంటే. అటొక పుల్, ఇటొక పుల్ తీసి సగటు చూస్తే వాలు, గాలి చాలావరకు రద్దవుతాయి. ట్యాంకులో పెట్రోలు ఒకే మట్టంలో, టైర్లలో గాలి ఒకే పీడనంలో, ఏసీ ఆపేసి, లోపలి గాలి వేడి ఒకే అంకెకి వచ్చాకే పుల్ మొదలుపెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, మార్చిన పార్టు తీసేసి మళ్లీ పాతది పెట్టి కొలవడం. స్టాక్, కొత్తది, మళ్లీ స్టాక్. చివరి స్టాక్ అంకె మొదటి స్టాక్ అంకెకి తిరిగి వస్తేనే మధ్యలో కనపడిన తేడా పార్టుది. రాకపోతే అది ఎండదో, గాలిదో, డ్రైవరుదో. ఫిల్టరుకి ఇది పావుగంట పని. రీమ్యాప్‌కైనా స్టాక్ ఫైలు మళ్లీ ఎక్కించి చూడొచ్చు. బజారులో ఈ మూడో మెట్టు ఎక్కేవాళ్లు అరుదు. పెరిగిందని తేలాక ఎవరికీ మళ్లీ విప్పాలనిపించదు మరి.

స్టాక్‌లో సమయాలు 5.4 నుంచి 5.7 మధ్య, పార్టు మార్చాక 5.3 నుంచి 5.6 మధ్య వచ్చాయనుకోండి. అందులోంచి 5.7నీ 5.3నీ ఏరి ‘0.4 సెకను తగ్గింది’ అనడం చాలా తేలిక. సగటు తేడా 0.1, ఊగిసలాట 0.3. ఆ కొలతతో ఏమీ తేలలేదని ఒప్పుకోవాల్సిందే.

ఎక్కడ కొలవాలన్నది వేరే తలనొప్పి. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠ వేగ పరిమితిని 2023లో 120కి పెంచారు కాబట్టి అక్కడ కొలిచేద్దామనుకుంటారు. జనం తిరిగే రోడ్డు అది. పైగా అటూ ఇటూ పుల్ తీయాలంటే తర్వాతి ఎగ్జిట్ దాకా పోయి తిరిగి రావాలి, ఈలోగా గాలీ ఇంజిన్ వేడీ మారిపోతాయి. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాక్‌లో ట్రాక్ డే దొరికితే అది మేలు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, చాలా ఊళ్లలో డ్రాగ్ స్ట్రిప్‌లు సామాన్య కార్లకీ తెరిచి ఉంటాయి. అక్కడ చూడాల్సింది పావుమైలు సమయాన్ని కాదు, చివర్లో నమోదయ్యే వేగాన్ని. సమయం స్టార్టు బట్టి మారుతుంది, చివరి వేగం బరువుకి ఎంత పవర్ ఉందన్నదాన్ని చెబుతుంది. అయితే అది పవర్ ఘనమూలాన్ని బట్టి పెరుగుతుంది. పవర్ 10 శాతం పెరిగితే చివరి వేగం పెరిగేది 3 శాతమే. గంటకు 140 కిలోమీటర్ల దగ్గర ముగించే కారు 144 దాటితే చిన్న విషయం కాదు.

లాగ్‌లో ఏం వెతకాలి

కారు కంప్యూటర్ అంకెల్ని చదవడానికి ఉండే ఓబీడీ పోర్టుకి తగిలించే చిన్న పరికరం, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకైతే వీసీడీఎస్, ఓబీడీఎలెవెన్ లాంటివి, డైనో చెప్పలేనిది చెబుతాయి. పుల్ తీస్తూ కంప్యూటర్ అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, గాలి వేడి, ఒక్కో సిలిండరులో టైమింగ్ ఎంత వెనక్కి పోయింది, ఇవి రాయించుకోండి.

పెడల్ పూర్తిగా నొక్కి ఉండగా థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోలేదంటే కంప్యూటరే పీక నొక్కుతోందని అర్థం. అప్పుడు ఫిల్టరు, పైపు ఎన్ని మార్చినా ఉపయోగం లేదు. అడిగిన బూస్ట్ వచ్చేసి, టైమింగ్ మాత్రం వెనక్కి పోతుంటే అడ్డం పెట్రోలు లేదా వేడి. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకున్నా అడిగిన బూస్ట్ రావట్లేదంటే టర్బో తన అంచుకి వచ్చింది, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది. ఈ మూడో స్థితిలో మాత్రమే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ పార్టులు స్టాక్ ఫైలు మీద కూడా కనపడేంత పవర్ ఇస్తాయి. ఏది కొనాలో లాగ్ చూసి తేల్చుకుంటే డబ్బు మిగులుతుంది. చాలామంది ముందు కొనేసి తర్వాత లాగ్ తీస్తారు.

ఒక జాగ్రత్త. పిగ్గీబ్యాక్ బాక్సులని అమ్ముతారు, వాటి విషయంలో ఓబీడీ లాగ్ పనికిరాదు. ఆ బాక్సు బూస్ట్ సెన్సరుకీ కంప్యూటర్‌కీ మధ్య కూర్చుని, ఉన్నదానికన్నా తక్కువ బూస్ట్ ఉందని చెబుతుంది. నమ్మిన కంప్యూటర్ ఇంకా బూస్ట్ పెంచుతుంది. పవర్ నిజంగానే పెరుగుతుంది, కానీ మీ లాగ్‌లో రాసేదీ ఆ దొంగ లెక్కే. నిజం కావాలంటే విడిగా ఒక బూస్ట్ గేజ్ బిగించాల్సిందే.

పార్టుల వారీగా

ఎయిర్ ఫిల్టరుని కొత్త కంపెనీ ఫిల్టరుతో పోల్చాలి. దుమ్ము పట్టిన పాతది తీసేసి కొత్త పర్ఫార్మెన్స్ ఫిల్టరు వేస్తే తేడా వచ్చేది కొత్తదనం వల్ల. బానెట్ కింద బార్లా తెరిచి పెట్టే కోన్ ఫిల్టరు, ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడినే మళ్లీ పీల్చి ఎదురు దెబ్బ తీస్తుంది. శబ్దం మాత్రం బాగుంటుంది, చాలామందికి కావాల్సిందీ అదే, తప్పేం లేదు. బ్లో ఆఫ్ వాల్వ్ సంగతీ ఇంతే. థ్రాటిల్ మూసినప్పుడు గాలిని బయటికి వదిలే పరికరం థ్రాటిల్ తెరిచినప్పుడు పవర్ ఎలా ఇస్తుంది?

పెడల్ బాక్సుది ఇంకో కథ. సగం నొక్కిన పెడల్‌ని ముప్పావు నొక్కినట్టు కంప్యూటర్‌కి చెప్పడమే దాని పని. పూర్తిగా నొక్కితే స్టాక్ కారుకీ దానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. విచిత్రం ఏమిటంటే, అన్ని పార్టుల్లోకీ నడిపేవాడికి ఎక్కువ మార్పు అనిపించేది ఇదే. ‘సార్, బండి ఎట్లా ఎగురుతుందో చూడండి’ అని మెకానిక్ ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌ని ఎందుకు లెక్కలోకి తీసుకోకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎగ్జాస్ట్‌లో టర్బో వెంటనే వచ్చే డౌన్‌పైప్‌కి విలువ ఎక్కువ, వెనక మఫ్లర్‌కి తక్కువ. టర్బైన్‌కి ముందూ వెనకా ఉన్న పీడన తేడాయే దాన్ని తిప్పేది కాబట్టి, వెనక పీడనం తగ్గితే టర్బో త్వరగా ఊపందుకుంటుంది. దీన్ని గరిష్ఠ పవర్‌లో వెతకొద్దు, పూర్తి బూస్ట్ ఏ ఆర్‌పీఎం దగ్గర వచ్చిందో చూడండి. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసిన పైపు మాత్రం కాలుష్య నిబంధనలకి విరుద్ధం.

ఇంటర్‌కూలర్‌ని ఒక్క పుల్‌తో తేల్చలేం. చల్లటి కారు మీద మొదటి పుల్‌లో స్టాక్‌దీ పెద్దదీ దాదాపు ఒకటే. వరసగా లాగిస్తూ పోతే నాలుగైదో పుల్ దగ్గర గాలి వేడి గీతలు విడిపోవాలి. విడిపోకపోతే ఆ డబ్బు దండగ. 1.0, 1.5 టీఎస్ఐలు ఉన్న ఈఏ211 కుటుంబంలో ఇంటర్‌కూలర్‌ని చల్లార్చేది నీరు. వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగానే దిగుతుంది. ఇలాంటి కారుకి పుల్‌కీ పుల్‌కీ మధ్య విరామం ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

మిగిలింది పెట్రోలు. టర్బో కారుకి ఇది కూడా ఒక పార్టే. ఆక్టేన్ ఎక్కువైతే నాక్ తగ్గి, కంప్యూటర్ టైమింగ్ వెనక్కి లాగడం మానేస్తుంది. స్టాక్ పుల్ మామూలు పెట్రోలుతో, రీమ్యాప్ పుల్ ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ100తో తీస్తే ఏది ఎంత ఇచ్చిందో విడదీయలేం. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20లో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) లీటరుకి శక్తి దాదాపు 7 శాతం తక్కువ, కానీ ఇథనాల్ వల్ల నాక్‌ని తట్టుకునే గుణం ఎక్కువ. మైలేజీ తగ్గినా పూర్తి పెడల్ మీద పవర్ తగ్గాలనేం లేదు. అమెరికా ట్యూనర్ల సైట్లలో కనపడే 93 ఆక్టేన్ వేరే కొలమానం, మన దగ్గర వాడే ఆర్‌ఓఎన్ అనే ఆక్టేన్ కొలమానంలో అది 98 దగ్గర. టెక్సస్‌లో 93 దొరుకుతుంది, కాలిఫోర్నియాలో సాధారణంగా 91 దగ్గరే ఆగుతుంది. డాలస్‌లో ఉన్న బావమరిది కారుకి వచ్చిన అంకె కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో రాకపోతే ట్యూనర్‌ని తిట్టక్కర్లేదు. పెట్రోలు మారాక కంప్యూటర్ కొత్త ఆక్టేన్‌కి అలవాటు పడడానికి కొంత దూరం పడుతుంది కూడా, ట్యాంకు నింపగానే పుల్ తీయకూడదు.

పెరిగాక

నా అంచనాలో సాధారణ టర్బో పెట్రోలు కారుకి చెప్పుకోదగ్గ పెరుగుదల రీమ్యాప్ నుంచే వస్తుంది, మిగతా పార్టులు ఆ పెరుగుదలని ఎండలో నిలబెట్టడానికి. కాబట్టి జనవరిలో తీసిన లాగ్‌ని మే నెలలో మళ్లీ తీయాలి. చల్లటి పొద్దున 190 పీఎస్ ఇచ్చి, ఎండలో రెండో పుల్‌కే టైమింగ్ వెనక్కి లాగేసుకునే ఫైలుకన్నా, 175 దగ్గర ఆగి ఏ నెలలోనైనా అదే ఇచ్చే ఫైలు నాకు నచ్చుతుంది. మొదటిది షీటు మీద అందంగా ఉంటుంది, అందుకే అమ్ముడుపోతుంది.

వారంటీ, చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు సర్వీసు సెంటర్‌లో ఫైలు మార్చినట్టు తెలిస్తే టీడీ1 అనే గుర్తు పడుతుంది, ఇంజిన్, గేర్‌బాక్సు వారంటీ క్లెయిముల్లో అది అడ్డొస్తుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకి యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఇక గేర్‌బాక్సు. 250 న్యూటన్ మీటర్ల డీక్యూ200 మీద 300 పైన వేస్తే అది వెంటనే విరిగిపోదు. ముందు క్లచ్ జారుతుంది, అది సీట్లో కూర్చుంటే తెలియదు. లాగ్‌లో ఆర్‌పీఎంనీ వేగాన్నీ పక్కపక్కన పెట్టండి. ఒకే గేరులో ఆర్‌పీఎంని వేగంతో భాగిస్తే పుల్ పొడవునా ఒకే అంకె రావాలి. పూర్తి టార్క్ వచ్చే 2,000, 3,000 ఆర్‌పీఎంల మధ్య ఆ అంకె పైకి లేచి మళ్లీ దిగితే, పెరిగిన టార్క్ రోడ్డు దాకా చేరకుండా క్లచ్ ప్లేట్లలోనే వేడిగా పోతోంది.